ఖొనోమా నాగాల ఆల్డర్ పోడు మన రాయగడ కొండల మీద నడుస్తుందా?

గుణుపురం మెట్టరైతు:

ఒడిశాలోని మన రాయగడ జిల్లాలో గుణుపురం, పద్మపురం వైపు సవర ఊళ్లలో ఒకప్పుడు ఏళ్ల తరబడి బీడు వదిలే డొంగరును (కొండ పొలాన్ని) ఇప్పుడు మూడు నాలుగేళ్లకే మళ్లీ కొడుతున్నారు. చోళ్లు, సామలు ఏటికేడు తగ్గుతున్నాయి, వాన పడితే మట్టి గెడ్డలోకి పోతోంది. నాగాలాండ్‌లో ఖొనోమా ఊరి అంగామీలు కూడా కొద్ది ఏళ్లకే అదే పొలం చెక్కకు తిరిగి వస్తారట, అయినా నేల చావదట. దానికి కారణం ఆల్డర్ చెట్టు అంటున్నారు. ఆ పని సరిగ్గా ఎలా చేస్తారు? ఆ మొక్క తెచ్చి ఇక్కడ నాటితే బతుకుతుందా? అక్కడ కొండ ఎవరిది, ఏ చెక్క ఎప్పుడు కొట్టాలో ఎవరు చెబుతారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

కొండసేద్యం:

ముందు ఒక మాట. నాగాలంతా ఇలా చేయరు. నాగా అన్నది ఒకే తెగ కాదు. అంగామీ, ఆవో, సూమీ, లోథా, కోన్యాక్, చాఖేసాంగ్ ఇలా చాలామంది ఉన్నారు, మణిపూర్‌లోనూ మయన్మార్‌లోనూ ఉన్నారు. అంగామీ, చాఖేసాంగ్ ఊళ్లలో మెట్లు కట్టి నీళ్లు పెట్టిన వరి ఎక్కువ. కోన్యాక్, సూమీ కొండల్లో మాత్రం మనలాగే కొట్టి కాల్చే పోడు. ఆల్డర్‌కు పేరొచ్చిన ఊరు కొహిమాకు పడమరగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖొనోమా.

పని ఇలా ఉంటుంది. చెట్టుకు ఆరు నుంచి పదేళ్లు వచ్చి, బెరడు పగుళ్లు తేలాక మొదటిసారి తల కొడతారు. చలికాలంలో, నేలకు ఒకటి రెండు మీటర్ల ఎత్తున. కోత నున్నగా రావాలి. మొద్దు చీలితే చీలికలో నీరు దిగి కుళ్లుతుంది, ఆ చెట్టు ఇక సరిగ్గా చిగురించదు. కోసిన తలకు మట్టి పూస్తారు, కొందరు పైన రాయి పెడతారు, ఎండకు ఆరిపోకుండా. లావు కొమ్మలు ఇంటికి వంటచెరకు. రెమ్మా ఆకూ అక్కడే ఎండబెట్టి, మొద్దులకు ఎడంగా కుప్పలేసి కాలుస్తారు. తర్వాత మొక్కజొన్న, బంగాళాదుంప, చేమ, మిరప, గుమ్మడి, చిక్కుడు. మొద్దు మీద గుబురుగా వచ్చిన చిగుళ్లలో నాలుగైదు గట్టివి ఉంచి మిగతావి గిల్లేస్తారు. అన్నీ వదిలేస్తే పైరుకు నీడ, చెట్టుకు సన్నటి కొమ్మలు, రెంటికీ చెడ్డ. రెండేళ్లు సాగు, రెండు నుంచి నాలుగేళ్లు బీడు. ఉంచిన కొమ్మలు ఆ బీడులో లావెక్కుతాయి, మళ్లీ కోత.

నేల చావకపోవడానికి కారణం వేరులో ఉంది. ఆల్డర్ వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పడుతుంది. కంది పప్పుజాతి, దాని వేళ్లలో రైజోబియం. ఆల్డర్ పప్పుజాతి కాదు, అయినా అదే పని చేస్తుంది. చెట్టును కొట్టినా వేరు బతికే ఉంటుంది కాబట్టి వాలు మీద మట్టి జారదు. నా ఉద్దేశంలో నత్రజని కన్నా ఈ రెండోదే పెద్ద లాభం. మన పోడులో మొదలు నరికి, వేరును కాల్చి, వాలును బోసి చేస్తాం.

డొంగరు దారి:

మొక్క సంగతి నేను చెబుతా. తేవద్దు. నాగాలాండ్‌లో పెరిగేది అల్నస్ నెపాలెన్సిస్, వెయ్యి మీటర్లు దాటిన చల్లటి, తేమ కొండల చెట్టు. ఖొనోమా సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడలో మన డొంగర్లు చాలావరకు అంతకన్నా చాలా కిందే. పైగా నవంబరు నుంచి మే దాకా ఎండు కాలం. రోహిణి కార్తె ఎండకు ఆ మొక్క నిలవదు. కోరాపుట్‌లోని ఎత్తైన దేవమాలి కొండ తల మీద పెట్టి చూస్తామంటే అది వేరే ముచ్చట.

పద్ధతి తెచ్చుకోండి, చెట్టు మార్చండి. తల కొడితే చిగురించి, నత్రజని పట్టే చెట్టు కావాలి. గ్లైరిసిడియా ఆ రెండూ చేస్తుంది. వాలుకు అడ్డంగా సమమట్టం గీతల మీద వరుసలు, వరుసకూ వరుసకూ ఐదారు మీటర్లు, వాలు నిట్రంగా ఉంటే దగ్గర చేయాలి. గీతకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. రెండు మీటర్ల కర్రలు రెండు తలలు కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర వేసి, పైనుంచి రాయి కట్టిన తాడు వదలండి. తాడు ఎక్కడ తాకిందో అడ్డకర్ర మీద గుర్తు పెట్టి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమి చోటే మట్టం. ఈ తారుమారు మానేస్తే వరుస మెల్లగా కిందికి దిగి, వాన నీటికి కాలువ అవుతుంది.

కొమ్మ నాటితే త్వరగా నిలుస్తుంది, కానీ వేరు పైపైనే ఉంటుంది. గింజ మొక్కకు వేరు లోతు. నిట్ర వాలులో గింజ మొక్కే నయం. రెండో ఏటి నుంచి మోకాలికి కాస్త పైన కొట్టి, ఆకును వరుస పైవైపు పరచండి, కాల్చొద్దు. ఆగిన మట్టి పేరుకుని కొన్నేళ్లకు దానంతటదే మెట్టు అవుతుంది. సుబాబుల్ జోలికి పోకండి. గింజ రాలి డొంగరంతా అదే అవుతుంది.

చట్టం చావడి:

చెట్టు కన్నా మీ మూడో ప్రశ్నే అసలుది. నాగాలాండ్‌లో కొండ సర్కారుది కాదు, చాలావరకు ఊరిది, వంశానిది, కుటుంబానిది. రాజ్యాంగం 371ఎ ప్రకారం భూమి, దాని వనరుల యాజమాన్యం, బదిలీ విషయంలో పార్లమెంటు చట్టం అక్కడి శాసనసభ తీర్మానిస్తే తప్ప వర్తించదు. 1963 డిసెంబరు 1న రాష్ట్రం ఏర్పడడానికి ముందు, 1960లో నాగా నాయకులకూ కేంద్రానికీ కుదిరిన 16 అంశాల ఒప్పందం నుంచి వచ్చిన రక్షణ ఇది. ఖొనోమాలో మెర్హూమా, సెమోమా, థెవోమా అని మూడు ఖేల్‌లు, అంటే వంశాల వారీ పేటలు. మొద్దు ఎవరిదో, బీడు ఎవరిదో అందరికీ తెలుసు. తాత తల కొట్టిన చెట్టును మనవడు కొడతాడు. అందుకే పదేళ్లు ఆగి చెట్టు పెంచే ఓపిక ఉంటుంది.

మన దగ్గర సర్వేలో 10 డిగ్రీలు దాటిన వాలును ప్రభుత్వ భూమి అని రాసేశారు. బీడు వదిలితే అది ‘ఖాళీ’ అయిపోతుంది, అటవీ శాఖ టేకో జీడిమామిడో వేస్తుంది. ఆ భయంతోనే జనం బీడు కాలం తగ్గిస్తున్నారు. కాబట్టి 2006 అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ ఏడు దున్నిన చెక్కతో ఆపకండి. వ్యక్తిగత హక్కుకు ఎ ఫారం, 4 హెక్టార్లు పరిమితి. సామూహిక హక్కులకు బి, ఊరి అటవీ వనరుకు సి. బీడు చెక్కలన్నీ పటంలో పేర్లతో సహా గీసి, సామూహిక దరఖాస్తులో చూపండి. గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ సంతకాలు లోపిస్తే ఫైలు వెనక్కి వస్తుంది.

నాగాల ఏర్పాటును మరీ పొగడక్కర్లేదు. అంగామీ ఆచారంలో పిత్రార్జిత భూమి ఆడపిల్లకు రాదు. మన అటవీ పట్టా భార్యాభర్తలిద్దరి పేరా వస్తుంది. మహిళలకు మూడో వంతు స్థానాలు అన్నందుకే ఆచార చట్టం పేర గొడవలై, 20 ఏళ్ల తర్వాత 2024 జూన్‌లో గానీ అక్కడ పురపాలక ఎన్నికలు జరగలేదు. శాసనసభకు మొదటిసారి ఇద్దరు ఆడవాళ్లు గెలిచింది 2023లో. చదువుకున్న కుర్రకారు కొహిమా, దీమాపూర్ పట్టణాలకు పోతుంటే కొండ పనికి జట్లు కట్టేవాళ్లూ తగ్గుతున్నారు.

గుణుపురం మెట్టరైతు:

చాలా సంగతులు తెలిశాయండీ. రెండు అనుమానాలు. కోతల తర్వాత ఊరి మేకలన్నీ డొంగరు మీదే, చిగుళ్లు మిగులుతాయా? గెడ్డ పక్క మడులకు పనికొచ్చే నాగా పద్ధతి ఏదైనా ఉందా?

కొండసేద్యం:

గ్లైరిసిడియా వాసనకు అలవాటు లేని మేక మొదట్లో ముట్టదు, ఆకలేస్తే అలవాటు పడుతుంది. మొదటి రెండేళ్లు ఊరంతా కలిసి ఆ చెక్క మూయాల్సిందే. ఒక్క ఇల్లు కంచె కట్టి కాపాడలేదు. ఖొనోమాలోనూ 1998లో వేట మానింది ఊరి కట్టుబాటుతోనే.

గెడ్డకైతే ఫెక్ జిల్లా కిక్రుమా ఊళ్లో జాబో అనే నీటి పద్ధతి చూడండి. కొండ తల మీద అడవి ముట్టరు. కింద మట్టి దిగే చిన్న గుంట, దాని కింద నీటి చెరువు, ఆ కింద పశువుల దొడ్డి, అడుగున వరి మడి. నీరు దొడ్డి మీదుగా పారి పేడ, మూత్రం మడికి తెస్తుంది. చెరువు అడుగు తొక్కి గట్టి చేస్తారు. పై గుంటలో పూడిక ఏటా తీయాలి, లేదంటే మూడు వానలకే చెరువు పూడుతుంది. మీ సవర పెద్దలు రాతి గట్లతో కట్టిన మెట్ల మడులు దీనికి తీసిపోవు. వాటికి పైన లేనిది ఆ గుంట, దొడ్డి మాత్రమే. అక్కడ మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ.

డొంగరు దారి:

కళ్లారా చూడాలంటే తల కోతల కాలం చలికాలమే. బయటివాళ్లు నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ముందే తీసుకోండి, 2019 చివరి నుంచి దీమాపూర్‌కు కూడా కావాలి. డిసెంబరు 1 నుంచి 10 దాకా కొహిమా దగ్గరి కిసామాలో హార్న్‌బిల్ పండుగ. ఆ రోజుల్లో గదులు దొరకవు, ఊళ్లో పెద్దలకు తీరికా ఉండదు. పండుగ దాటాక వెళ్లండి.