సెంటినెల్ పాస్‌కి ఒంటరిగా: దారి మొదట్లో దొరికిన ముగ్గురితో నలుగురం అయిపోతే చాలా?

ఒంటరినడక:
సెప్టెంబర్ చివర్లో కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్‌కి వెళ్తున్నాను, ఒక్కణ్ణే. మొరైన్ లేక్ నుంచి లార్చ్ వ్యాలీ మీదుగా సెంటినెల్ పాస్ అనే కొండ కనుమ (2,611 మీటర్లు) ఎక్కి సాయంత్రానికి దిగాలని ప్లాన్. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే రోజుల్లో అక్కడ కనీసం నలుగురు దగ్గరదగ్గరగా నడవాలని పార్క్స్ కెనడా ఆంక్ష పెడుతుంది, తప్పితే 25,000 డాలర్ల దాకా జరిమానా. నేను వెళ్ళే రోజు అది అమల్లో ఉంటే దారి మొదట్లో ఉండే బోర్డు దగ్గర ఎవరో ముగ్గురిని అడిగి కలిసిపోవచ్చా?

పాతబూట్లు:
హాయిగా కలవొచ్చు, ఒంటరిగా వచ్చినవాళ్ళు చాలామంది చేసేదే. అడవి దాటేదాకా కలిసి నడవండి. చెట్లు అయిపోయి మిన్నెస్టిమ్మా చెరువులు వచ్చాక అంతా బయలే, ఎలుగుబంటి ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఎవరి నడక వారిది.

గలగల:
బ్యాగుకి గంట కట్టుకోండి, ఒక్కరున్నా టెన్షన్ ఉండదు.

నిదానమే:
పిల్లి మెడలో కట్టాల్సిన గంట మన మెడలో కట్టుకుంటే ఎలాగండీ? ఆ చిన్న చప్పుడు చాలదని పార్కువాళ్ళే చెప్తారు. గట్టిగా మాట్లాడాలి, చప్పట్లు కొట్టాలి, వాగు పక్కనా మలుపుల దగ్గరా మరీనూ. ఎలుగు మీద కొట్టే కారం స్ప్రే (బేర్ స్ప్రే) ఉండాలి, అదీ నడుముకి. విమానంలో దాన్ని చెక్-ఇన్ బ్యాగులో కూడా ఒప్పుకోరు కాబట్టి అక్కడే కొనుక్కోండి.

ఇక పాతబూట్లు గారూ, ఆంక్ష చెట్లు ఉన్నంతవరకే అని ఎక్కడ రాసుంది? గ్రిజ్లీలు ఆ పైనున్న పచ్చిక బయళ్ళలోనే దుంపల కోసం, నేల ఉడతల కోసం తవ్వుకుంటూ ఉంటాయి. పల్లంలో తల దించి తవ్వుతున్న ఎలుగు మీకు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది?

గలగల:
గంట కట్టుకున్నాను, ఎలుగు రాలేదు. ఇంకేం కావాలి?

నిదానమే:
గంట లేనివాళ్ళలో కూడా చాలామందికి రాలేదండీ.

పాతబూట్లు:
పల్లం, తవ్వకం అన్నీ సరే. ఆ పైన మెలికలు తిరిగే రాళ్ళ దారిలో ఏం తవ్వుతుంది, గులకరాళ్ళా? అక్కడ నలుగురూ ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ ఎక్కితే పైవాడి కాలికింది రాయి కిందవాడి నెత్తిన పడుతుంది. ఎలుగు కంటే అదే ప్రమాదం. మీరు రూలు చదువుతున్నారు, నేను దారి చూశాను.

నిదానమే:
నేనూ చూశానండీ, అదే దారి. నాతో కలిసిన ముగ్గురు కింద "కలిసే వెళ్దాం" అన్నారు. లార్చ్ వ్యాలీలో మోకాలు పట్టేసి కూర్చున్నాను. "మీరు మెల్లగా రండి" అని వెళ్ళిపోయారు. స్ప్రే ఒక్కటే, అది ముందు నడిచేవాడి బ్యాగులో అడుగున, రెయిన్ కోటు కింద ఉంది. అడిగేలోపే మలుపు తిరిగారు. పసుపు ఆకులు రాలుతున్న చప్పుడుకి కూడా ఉలిక్కిపడుతూ ఒక్కదాన్నే దిగాను. మీరు "ఎవరి నడక వారిది" అంటుంటే ఆ ముగ్గురే మాట్లాడుతున్నట్టుంది.

కొండచూపు:
అయ్యో. స్ప్రే బ్యాగు అడుగున పెట్టేవాళ్ళు అసలు కొనడం దేనికో.

పాతబూట్లు:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. నాది కూడా వినండి. సెలవు దొరక్క రెండేళ్ళు వాయిదా వేసుకుని వెళ్ళాను. మొరైన్ లేక్ రోడ్డు మీద సొంత కార్లు 2023 నుంచి బంద్, షటిల్ బస్సు టికెట్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పాస్ ఎదురుగా కనిపిస్తోంది, ముఖపరిచయం కూడా లేని ఒకాయన "ఇక నా వల్ల కాదు" అన్నాడు. రూలు ప్రకారం నలుగురమూ దిగాం. ఆయన మళ్ళీ వారం వెళ్ళి ఎక్కి ఫోటోలు పెట్టాడు, నేను ఇంటికొచ్చేశాను. అలసిపోయే హక్కు ఆయనకుంటే ఎక్కే హక్కు నాకు లేదా?

నిదానమే:
ఇప్పుడొచ్చారు అసలు విషయానికి. మీ గొడవ ఎలుగుతోనూ కాదు, రాళ్ళతోనూ కాదు. వెనకబడ్డవాళ్ళ కోసం ఆగాలా వద్దా అన్నదే. ఆ ముగ్గురూ లేకపోతే మీరు బోర్డు కూడా దాటేవారు కాదు. దాటడానికి కావాల్సినవాళ్ళు దాటాక అక్కర్లేదా?

పాతబూట్లు:
ఓపిక లేనివాళ్ళు కిందే చెప్పాలి.

నిదానమే:
మోకాలు కిందే చెప్తుందా మరి?

కొండచూపు:
ఇద్దరూ ఒక్క నిమిషం. ఒంటరినడక గారూ, బోర్డు దగ్గర పేర్లు అడిగే ముందు ఎవరు ఎందాకా వెళ్తారో అడగండి. పసుపెక్కిన లార్చ్ చెట్ల దగ్గర ఫోటో దిగి వచ్చేసేవాళ్ళే చాలామంది, పాస్ దాకా వచ్చేవాళ్ళు తక్కువ. తిరుగు షటిల్ ఎన్నింటికో కూడా అక్కడే తేల్చుకోండి. స్ప్రే మాత్రం మీది మీ నడుముకే.

ఒంటరినడక:
థాంక్సండీ. పాతబూట్లు గారూ, మీరు కూడా ఈ సెప్టెంబర్‌లో వెళ్తున్నానని వేరేచోట రాసినట్టున్నారు?

పాతబూట్లు:
అవును. కలుద్దామంటే కలుద్దాం. కానీ ఈసారి పాస్ ఎక్కకుండా దిగేది లేదు, ముందే చెప్తున్నా.

ఒంటరినడక:
అయితే నేను ఇంకో ముగ్గురిని వెతుక్కుంటానండీ.