వనభోజనాలు నవంబర్ 9: హాల్ క్యాన్సిల్! అందరూ చూడండి

సెల్బీ అక్క: అర్జెంట్. యార్క్ దగ్గర ఎల్వింగ్టన్ ఎయిర్‌ఫీల్డ్ (పాత యుద్ధ విమానాల స్థావరం) చూశాక భోజనాలకి అనుకున్న హాల్ ఇవ్వరట. ఆ రోజు రిమెంబ్రెన్స్ సండే, అంటే యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే రోజు, ప్రార్థనయ్యాక టీ అక్కడేనట. అడ్వాన్స్ తిరిగిచ్చేస్తారు. చాపలు, విస్తర్లు, తంబోలా లిస్టులో పేర్లు రాయండని అడగడానికొచ్చి ఇది చెప్పాల్సొచ్చింది.

హల్ తమ్ముడు: ఇప్పుడా చెప్పేది? ఎనభై మంది డబ్బులు కట్టారు. ఘాటుగా మెయిల్ కొడతా.

యార్క్ బాబాయ్: ఆగు నాయనా. డేట్ చూసుకోకుండా ఇవ్వడం వాళ్ల తప్పే. కానీ బాంబర్ల స్థావరం పక్క ఊళ్లో, యుద్ధంలో పోయినవాళ్ల రోజున మనం మైకు పెడతామంటే? రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో అక్కడ బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ దళం 77 స్క్వాడ్రన్ హాలిఫాక్స్ బాంబర్లతో దిగింది. 1944 మేలో వాళ్లు ఫుల్ సట్టన్‌కి మారితే ఫ్రెంచివాళ్లొచ్చారు: 346 గుయెన్, 347 ట్యునీసీ. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఫ్రెంచివాళ్ల హెవీ బాంబర్ స్క్వాడ్రన్లు ఈ రెండే. జూన్ 5 రాత్రి నార్మండీలో జర్మన్ ఫిరంగుల మీద, అంటే సొంత దేశం నేల మీదే బాంబులు వేశారు. విమానానికి ఏడుగురు. ఒక్కటి తిరిగి రాకపోతే మెస్‌లో ఏడు కుర్చీలు ఖాళీ.

లీడ్స్ వదిన: చరిత్ర బాగుంది బాబాయ్ గారూ. రెండు బస్తాల వంకాయలు ఎవరి గరాజ్‌లో పెట్టమంటారు?

హల్ తమ్ముడు: మైకు ప్రతిసారీ నేనే మోయాలి, మాట కూడా నేనే పడాలి. ఈసారి నేను రాను.

సెల్బీ అక్క: ఒరేయ్, నిన్నెవరన్నార్రా?

హల్ తమ్ముడు: మెయిల్ పంపలేదులే. ఆ రోజు పెడదామనుకున్న పిల్లల చరిత్ర బోర్డుల్లో హైదరాబాద్ నిజాంది మాత్రం ఉండాలి. 1918లో 110 స్క్వాడ్రన్‌కి తొలి విమానాలు ఆయనిచ్చినవే, అందుకే దానికి హైదరాబాద్ పేరు.

యార్క్ బాబాయ్: అది ఎల్వింగ్టన్‌ది కాదురా, సఫోక్‌లో వాటిషమ్‌ది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ నౌకల మీద తొలి దాడికి వెళ్లింది. పెట్టండి, కాకపోతే కింద ఊరి పేరు సరిగ్గా రాయించండి. పక్కన 1945 మార్చి 4 తెల్లవారుజాము బోర్డు ఉండాలి. దాడి నుంచి తిరిగొస్తున్న బాంబర్లని వేటాడుతూ వచ్చిన జర్మన్ విమానం యుంకర్స్ 88 ఒకటి ఆ పక్కనే సటన్ అపాన్ డెర్వెంట్‌లో రైతు ఇంటిని గుద్ది కూలింది. ఆ యుద్ధంలో బ్రిటన్ నేల మీద కూలిన ఆఖరి జర్మన్ విమానం అదే.

సెల్బీ అక్క: హాల్ ఆవిడతో ఫోన్లో మాట్లాడా. పాపం చాలా నొచ్చుకుంది. టీ దగ్గర మన బోర్డులు పెట్టుకోమంది. ఫ్రెంచివాళ్లది ముందు పెడదాం.

లీడ్స్ వదిన: అయితే రెండు ట్రేల పులిహోర నాది, ఎండుమిర్చి ఏరేసి తెస్తా. వనభోజనం 15న శనివారం మా పెరట్లో. కార్తీకం 20 దాకా ఉంది. ఉసిరి చెట్టు అడక్కండి, షాపులో కాయలు తెచ్చి దీపాలు పెట్టేద్దాం. వాన ఎలాగూ తప్పదు, గెజిబో టెంట్ ఎవరిదైనా ఉందా?

హల్ తమ్ముడు: నాది ఉంది. ఒక కాలు విరిగింది, కర్ర కట్టి తెస్తా. మరి తంబోలా?

సెల్బీ అక్క: దాని సంగతి తర్వాత. 9న పొద్దున్నే బోర్డులు మోయాలి, పెద్ద కారున్నవాళ్లు చెప్పండి.