ఇండియా ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రి దేశం తరఫున కొట్టిన 95 గోల్స్ ఏటి గొప్ప అంటున్నారు, ఏం చెప్పాలి?

పర్లాకిమిడి_లెఫ్ట్‌వింగ్:
అన్నలూ, సాయంత్రం పూట మా ఊరి పిల్లలతో బాల్ ఆడిస్తుంటాను. ఇక్కడ అందరికీ క్రికెట్టే, నా దగ్గరికి వచ్చేది పది పన్నెండు మంది, అందులో సగం మందికి కాళ్ళకి బూట్లు లేవు. మొన్న టీ బడ్డీ దగ్గర ఒక మాస్టారు "నీ ఛెత్రి మాల్దీవులు, నేపాల్ మీద కొట్టుకున్నాడు, రొనాల్డో మెస్సీ పక్కన పేరు రాసీసుకుంటే అయిపోద్దా" అనీసారు. పిల్లలు పక్కనే ఉన్నారు, నాకు నోట మాట రాలేదు. నిజంగా అంతేనా?

బరంపురం బాబాయ్:
మాస్టారు సగం కరెక్టే, కోప్పడకు. దేశం తరఫున ఎక్కువ గోల్స్ కొట్టినోళ్ళ లిస్టులో ఆ మూడు పేర్లూ ఉన్నంత మాత్రాన ముగ్గురూ ఒకటి కాదు, ఆ మాట ఛెత్రీయే ఒప్పుకుంటాడు. కానీ చిన్న టీమ్‌లే అంటే ఎలాగ? 2008లో ఢిల్లీలో ఛాలెంజ్ కప్ (ఆసియాలో చిన్న జట్ల టోర్నీ) ఫైనల్, తజికిస్తాన్ మీద హ్యాట్రిక్, దాంతోనే మనం 2011 ఆసియా కప్‌కి వెళ్ళాం. 2019లో అబుదాబిలో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టినప్పుడు రెండు గోల్స్ అతనివే. ఒకటి పెనాల్టీ, సరే, రెండోది చూడమను, బాల్ ఆపకుండా వచ్చింది వచ్చినట్టే లోపలికి పంపీసాడు.

నేను 2023 జూన్‌లో భువనేశ్వర్ వెళ్ళాను, వనువాటు మ్యాచ్. కళింగ స్టేడియంలో రాత్రి కూడా ఉక్క, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, 80 నిమిషాలు గోల్ లేదు, నా పక్కనోడు చెప్పులు వేసుకుని లేచిపోతున్నాడు. అప్పుడు ఎడమ పక్క నుంచి శుభాశిష్ బోస్ క్రాస్, ఛెత్రి ఎడం కాలితో కొట్టాడు. ఆ తరవాత బాల్ తీసి జెర్సీ లోపల పెట్టుకున్నాడు, మాకు అర్థం కాలేదు, పక్కనున్న ఒక ఒడియా అమ్మాయి "వాళ్ళావిడకి నెలలురా" అని వాళ్ళ తమ్ముడితో అంటే అప్పుడు స్టాండ్ అంతా ఒకటే కేక. వనువాటు చిన్న టీమే. కానీ 38 ఏళ్ళోడు అన్న మాట మర్చిపోకు.

రాయగడ_గోలీ:
బాబాయ్ చెప్పింది బానే ఉంది గానీ నా గొడవ వేరు. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో దండం పెట్టి వెళ్ళిపోయాడా లేదా? 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. మరి 2025 మార్చిలో 40 ఏళ్ళు దాటాక మళ్ళీ ఎందుకు పిలిచారు? ఆ ముందు ఏడాది ఇండియా ఒక్క మ్యాచ్ గెలవలేదు, ముందు నిలబడి గోల్ కొట్టేవాడు లేడు. వచ్చాడు, షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద తలతో కొట్టి 95 చేసాడు. మాస్టారికి ఇది చెప్పు, అతను గొప్పోడా కాదా అన్నది తరవాత, ఇరవై ఏళ్ళలో ఇంకొకడు రాలేదు, అదీ మన దరిద్రం. ఐఎస్‌ఎల్‌లో అంటే మన దేశం క్లబ్బుల లీగ్‌లో, స్ట్రైకర్ చోటు క్లబ్బులు విదేశీయులకే ఇస్తాయి, మన కుర్రోళ్ళని వింగ్ మీదకి తోసేస్తారు. ఆడకుండా ఎలా నేర్చుకుంటారు?

బరంపురం బాబాయ్:
ఇంకో సంగతి, అతను పుట్టింది సికింద్రాబాద్‌లోరా, 1984. నాన్న ఆర్మీ. ఆ లెక్కన మనోడే 😀

రాయగడ_గోలీ:
ఆర్మీ పిల్లలు పుట్టిన ఊరు లెక్కలోకి రాదు బాబాయ్, మనోడంటే పాత ఇండియా ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం, ఆయన అసలు సికింద్రాబాదీ.

పర్లాకిమిడి_లెఫ్ట్‌వింగ్:
థాంక్స్ అన్నలూ. ఇవాళ పిల్లలకి థాయ్‌లాండ్ మ్యాచ్ ఫోన్‌లో చూపించాను, పన్నెండు తలకాయలు ఒక్క స్క్రీన్ మీద. మాస్టారు కూడా వెనక నిలబడి చూసారు, ఏటీ అనలేదు, రెండో గోల్ మాత్రం మళ్ళీ వెయ్యమన్నారు. ఇప్పుడు పన్నెండు మందీ స్ట్రైకరే కావాలంటున్నారు, గోల్‌కీపర్ ఒక్కడూ దొరకట్లేదు, ఏం చెయ్యమంటారు?