అప్‌డేట్: హాట్‌స్పాట్ బ్యాటరీ మార్చాను, పనిచేస్తోంది

పోర్టబుల్ వైఫై హాట్‌స్పాట్ వెనక మూత పైకి లేస్తోందని, చార్జింగ్ నిలవడం లేదని అడిగాను కదా. కారణం ఉబ్బిన బ్యాటరీయే. నొక్కకుండా, గుచ్చకుండా మెల్లగా బయటకు తీశాను.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో తెలిపే అంకె) కన్నా ముందు వోల్టేజీ చూడమని మీరిచ్చిన సలహా చాలా విలువైనది. పాతదానిపై 3.8 వోల్టులు, చార్జింగ్ పరిమితి 4.35 వోల్టులు అని ఉంది. అదే మోడల్ నంబరుతో తెప్పించాను. 4.2 పరిమితి ఉన్నది వేస్తే అతిగా చార్జ్ అయ్యే ప్రమాదం ఉంది, ఇక్కడ మాత్రం రాజీ పడకండి. బంగారు రంగు కాంటాక్టుల వరుస కూడా పోల్చుకోండి. ప్లస్, మైనస్ కాక ఉండే మూడోది చాలా బ్యాటరీల్లో ఉష్ణోగ్రతను తెలిపేది. అది కలవకపోతే కొన్ని పరికరాలు చార్జింగే మొదలుపెట్టవు.

మూత ఇప్పుడు చక్కగా కూర్చుంది. పాతదాని కాంటాక్టులపై టేపు అంటించి ఈ-వ్యర్థాల సేకరణకు ఇచ్చాను. అందరికీ కృతజ్ఞతలు.