గండిపేట శాంపిల్ కంటే మా బ్లాంక్‌లోనే ఫాస్ఫేట్ ఎక్కువ వస్తోంది, ఏం చేయాలి?

తార్నాక_ఎమ్మెస్సీ:
అందరికీ నమస్తే. ప్రాజెక్టు కోసం హుస్సేన్ సాగర్, గండిపేట నీళ్లలో ఫాస్ఫేట్ కొలుస్తున్నాను. మాలిబ్డేట్, ఆస్కార్బిక్ యాసిడ్ పద్ధతి (ఫాస్ఫేట్ ఉంటే నీలం రంగు వస్తుంది), 880 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో అదే రీడింగ్ (అబ్సార్బెన్స్). హుస్సేన్ సాగర్‌తో ఇబ్బంది లేదు, నీళ్లు కలిపి పలచన చేయకపోతే ముదురు నీలం వచ్చేస్తుంది. గండిపేట దగ్గరే ఆగిపోయాను. శాంపిల్ 0.038, బ్లాంక్ (చెరువు నీళ్ల బదులు డిస్టిల్డ్ వాటర్‌తో చేసింది) 0.042. తీసేస్తే మైనస్! రియేజెంట్లు (రంగు తెప్పించే రసాయనాలు) రెండుసార్లు కొత్తగా కలిపాను, అదే తీరు. వచ్చే నెల సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.

నాచారం_అనలిస్ట్:
తమ్ముడూ, రియేజెంట్లను అనుమానించకు. వాటిలో ఫాస్ఫేట్ ఉంటే శాంపిల్‌లోనూ, బ్లాంక్‌లోనూ సమానంగా పెరగాలి. బ్లాంకే ఎక్కువ ఉందంటే తేడా బ్లాంక్ నీళ్లలో ఉంది, లేదా ఆ ఫ్లాస్కులో ఉంది. సామాను ఎవరు కడుగుతారు, దేంతో?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు నెలలు ఇలాగే పోయాయి. అటెండర్ ఎంతో శ్రద్ధగా సబ్బు పొడితో తోమి పెట్టేవాడు. ఒకరోజు ఫ్లాస్కును కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, మెడలో మార్కు గీతకు కాస్త పైన సన్నటి తెల్లని పొర కనిపించింది. ఫాస్ఫేట్ ఉన్న సబ్బయితే ఆ పొర చాలు. అప్పటి నుంచి ఫాస్ఫేట్ సామానుకు సబ్బు తగలనివ్వను. పలచని హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) వేడిచేసి కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు జాడిస్తాను. ఆ సెట్టు వేరే పరీక్షకు ఇవ్వను, ఎవరడిగినా సరే.

తార్నాక_ఎమ్మెస్సీ:
అన్నా, ఫ్లాస్కులు నేనే యాసిడ్‌తో కడుగుతున్నాను. డిస్టిల్డ్ వాటర్ మాత్రం కింది ల్యాబ్ నుంచి ఐదు లీటర్ల క్యాన్‌లో తెచ్చుకుంటాను. క్యాన్ సంగతి అడగాలి.

ఉప్పల్_కెమిస్ట్రీ_మేడం:
క్యాన్ చూడండి, తప్పకుండా. ఇంకో మాట, మీ క్యూవెట్ (రీడింగ్ తీయడానికి ద్రావణం పోసే చిన్న సెల్) 1 సెంటీమీటరుదేనా? లీటరుకు 10 మైక్రోగ్రాముల భాస్వరానికి అందులో వచ్చే అబ్సార్బెన్స్ 0.006 చిల్లర. వేలిముద్ర పడినా రీడింగ్ అంత మారుతుంది. 5 సెంటీమీటర్ల సెల్ దొరికితే అదే నీళ్లకు 0.03 దాకా వస్తుంది. మా పిల్లలకు ముందు ఆ సెల్ ఇచ్చాకే చెరువుకు పంపిస్తాను.

రంగు వచ్చాక 10 నిమిషాలు ఆగి, 30 నిమిషాల లోపు చదవండి. కలిపిన రియేజెంట్ నాలుగు గంటలే నిలుస్తుంది, పొద్దున కలిపింది సాయంత్రం వాడొద్దు.

బోడుప్పల్_ఫీల్డ్:
నేను నీళ్లు పట్టుకొచ్చేవాణ్ణి, నా వైపు సంగతి చెబుతా. ఫాస్ఫేట్ తక్కువున్న నీళ్లను ప్లాస్టిక్ సీసాలో ఉంచితే గోడలకు అంటుకుపోతుంది, యాసిడ్‌తో కడిగిన గాజు సీసా తీసుకెళ్లండి. గట్టు మీదే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టండి, మొదట దిగిన కాసిన్ని నీళ్లు పారబోయండి. ఐస్ పెట్టెలో పెట్టి తెచ్చి, 48 గంటల్లో తేల్చేయండి. వానాకాలం నీళ్లు వడకట్టినా రంగుంటే ఆస్కార్బిక్ యాసిడ్, ఆంటిమొనీ వేయకుండా ఇంకో బ్లాంక్ పెట్టి తీసేయాలి.

నాచారం_అనలిస్ట్:
రిపోర్టులో ఫాస్ఫేట్‌గా రాస్తున్నావా, భాస్వరంగానా? రెంటికీ 3.07 రెట్ల తేడా, ఫాస్ఫేట్‌గా రాస్తే అంకె పెద్దది. పాత థీసిస్‌తో పోల్చే ముందు వాళ్లు ఏది రాశారో చూడు.

తార్నాక_ఎమ్మెస్సీ:
అన్నా, మేడం, క్యానే! వారానికోసారి సబ్బుతో కడుగుతున్నారట. యాసిడ్‌తో కడిగిన గాజు సీసాలో డిస్టిలేషన్ గొట్టం దగ్గరే నీళ్లు పట్టుకున్నాను. బ్లాంక్ 0.006కి దిగింది. 5 సెంటీమీటర్ల సెల్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉంది, సోమవారం ఇస్తామన్నారు. పాత గండిపేట రీడింగులన్నీ కొట్టేశాను, ఆదివారం పొద్దున్నే గాజు సీసాలతో మళ్లీ వెళ్తున్నాను.