కబడ్డీలో తెలుగు టైటాన్స్ బాగా ఆడుతున్నా మన జిల్లాల్లో ఎవరూ ఎందుకు పట్టించుకోవట్లేదు?

పాలమూరు కూతగాడు (చర్చ మొదలుపెట్టింది)

ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పుడు మా జడ్చర్లలో ఎవరి నోట విన్నా టైటాన్స్ స్టార్ రాహుల్ చౌదరి పేరే. స్కూల్ పిల్లలు బోనస్ కొట్టి తొడగొట్టేవాళ్లు. 2025 సీజన్లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో తెలుగు టైటాన్స్ ప్లేఆఫ్స్ దాకా వెళ్లింది. ఆ సంగతి మా గల్లీలో సగం మందికి తెలియదు.

నా లెక్క ఒక్కటే. టీమ్ పేరులో తెలుగు ఉంది, టీమ్‌లో మన ఊళ్లు లేవు. రాహుల్‌ది యూపీలో బిజ్నోర్, పవన్ సెహ్రావత్‌ది ఢిల్లీ, మలిక్‌ది హరియాణా. వాళ్ల ఆటకు వంక పెట్టట్లేదు. కానీ మ్యాట్ మీదికి దిగే ఏడుగురిలో కనీసం ఇద్దరు సొంత రాష్ట్రాల వాళ్లు ఉండాలని లీగ్ రూల్ పెట్టాలి. అది లేకుండా ఎన్ని లైట్లు, ఎన్ని పాటలు పెట్టినా జనం తిరిగి రారు. కాదంటే చెప్పండి.

మిర్యాలగూడ మాస్

కాదనే అంటా. 2024 మార్చిలో ఉప్పల్‌లో ముంబై మీద సన్‌రైజర్స్ 277 కొట్టిన రాత్రి గుర్తుందా? దంచింది హెడ్, అభిషేక్, క్లాసెన్. ఒక్కడైనా మనోడా? మన హైదరాబాద్ పిల్లగాడు తిలక్ వర్మ అవతలి టీమ్‌లో ఉండి 64 కొట్టాడు. అయినా మేం అరిచింది క్లాసెన్ సిక్సులకే. ఊరు చూసి కాదు, గెలుపు చూసి అరుస్తారు.

టైటాన్స్ వరుసగా మూడు సీజన్లు అట్టడుగున ఉంది. ఎనిమిదో సీజన్లో 22 మ్యాచులకు ఒక్క గెలుపు. తొమ్మిదిలో రెండు. పవన్‌ను 2.6 కోట్లు పోసి కొన్న పదో సీజన్లో కూడా రెండే! మూడేళ్లు రోజూ ఓడితే ఇంట్లోవాళ్లే చూడరు, ఇంక మనమెందుకు చూస్తాం? ఇప్పుడు గెలుస్తున్నారు. ఇంకో రెండేళ్లు ఇట్లనే గెలవనీ, జనం వాళ్లే వస్తారు.

గడియారం సెంటర్

గెలిస్తే చాలంటే ఫుట్‌బాల్ టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీ ఇంకా ఇక్కడే ఉండాలి కదా. 2022లో ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్లో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి కప్పు ఎత్తింది. మూడేళ్లు తిరిగేసరికి జీతాల గొడవలు, చేతులు మారడం, చివరికి 2025లో ఆ టీమ్ ఢిల్లీకి వెళ్లి పేరే మార్చుకుంది. నల్లగొండలో ఒక్కడు బాధపడ్డట్టు నేను చూడలేదు. కప్పు గెలిచిన ఆ సీజన్ మొత్తం కోవిడ్ వల్ల గోవాలో ఆడారు, కప్పు కూడా గోవాలోనే గెలిచారు. గెలిచిన టీమ్‌ను మనవాళ్లు కళ్లతో చూసిందే లేదు.

ఫుట్‌బాల్ కోచ్ రహీం సార్ తయారు చేసిన ఆటగాళ్లు దేశానికి ఆడిన సిటీ హైదరాబాద్. ఆయన కోచింగ్‌లో ఇండియా 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. అంత చరిత్ర ఉన్న చోటే ఒక ఛాంపియన్ టీమ్ నిలవలేదు.

డాలస్ నల్లగొండోడు

ఇక్కడ అమెరికాలో బేస్‌బాల్‌కు ఇదే రోగం పట్టింది. మ్యాచ్ మూడు గంటలు దాటేది, కుర్రాళ్లు చూడటం మానేశారు. 2023లో పిచ్ క్లాక్ పెట్టారు. బేసుల మీద పరుగెత్తేవాళ్లు ఎవరూ లేకపోతే బౌలర్ లాంటి అతను 15 సెకన్లలో బంతి వేయాలి. సగటున మ్యాచ్ 24 నిమిషాలు తగ్గి 2 గంటల 40 నిమిషాలకు వచ్చింది. ఆ ఏడాది స్టేడియాలకు వచ్చినవాళ్లు మళ్లీ 7 కోట్లు దాటారు. ఆట నడిచే తీరు మారిస్తే జనం వస్తారు, ఎవరి ఊరన్నది తర్వాత.

పాలమూరు కూతగాడు

అన్నా, కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడియారం ఎప్పటినుంచో ఉంది. మ్యాచ్ మొత్తం 40 నిమిషాలు. ఇంకేం తగ్గిస్తారు? తగ్గించాల్సింది సీజన్. మొదటి ఏడాది 60 మ్యాచులు, అయిదు వారాల్లో అయిపోయింది, ఇంకా ఉంటే బాగుండనిపించింది. 2017లో 12 టీమ్‌లు చేసి 138 మ్యాచులు మూడు నెలలు సాగదీశారు. ఈ రోజు మిస్ అయితే రేపు చూద్దాంలే అనుకునే అలవాటు అక్కడే మొదలైంది. మీ మాటలో అంతవరకు ఒప్పుకుంటా.

పీటీ సారు (రిటైర్డ్)

తమ్ముళ్లూ, జనానికి ఆసక్తి పోయిందని ఎవరన్నారు? 2021 మార్చిలో సూర్యాపేటలో జూనియర్ నేషనల్ కబడ్డీ పెట్టినప్పుడు వచ్చిన జనంతో గ్యాలరీ కూలింది. వంద మందికి పైగా దెబ్బలు తగిలాయి. ఆడటానికి వచ్చింది టీవీలో కనిపించే స్టార్లు కాదు, దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు.

సంక్రాంతికి ఏ ఊళ్లోనైనా చూడండి. సున్నంతో గీతలు, ట్రాక్టర్ ట్రాలీ మీద మైకు, చుట్టూ నాలుగు వరుసల జనం. కూతకు వెళ్లేవాడి పేరు మైకులో చెప్పరు. “ఇగ వస్తున్నడు, కిరాణం మల్లయ్య చిన్న కొడుకు” అంటారు. వాడు దొరికిపోతే అవతలి ఊరోళ్లు మల్లయ్యనే ఆట పట్టిస్తారు. అర్ధరాత్రి దాకా, చలిలో, ఒక్కరు కదలరు. ఆ ఆటను కొన్న లీగ్ మల్లయ్యను మాత్రం బయటే వదిలేసింది.

అయితే ఏడుగురిలో ఇద్దరు అన్న రూల్ నాకు నచ్చలేదు. మన పిల్లలు మట్టిలో ఉత్త కాళ్లతో ఆడతారు. ట్రయల్స్‌కు వెళ్తే మ్యాట్ మీద, షూ వేసుకుని ఆడమంటారు. మట్టిలో జారుతూ గీత దాటే అలవాటు మ్యాట్ మీద పనికిరాదు, కాలు ఆగిపోతుంది. యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) బాగా వచ్చిన పిల్లవాడు కూడా మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతాడు. అలాంటివాణ్ణి రూల్ పేరుతో దింపితే వాడి పరువే పోతుంది.

అచ్చంపేట ఆల్‌రౌండర్

అన్నలందరూ మ్యాచ్ చూడటం గురించి మాట్లాడుతున్నారు, చూడటానికి వెళ్లేది ఎట్లనో ఒక్కరూ చెప్పట్లేదు. 2024లో గచ్చిబౌలిలో మ్యాచులు పెట్టారు. రాత్రి ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి. అది అయ్యాక గచ్చిబౌలి నుంచి ఎంజీబీఎస్ బస్టాండ్ చేరి అచ్చంపేట బస్సు పట్టుకోవడం ఆడపిల్లలకు అయ్యే పనా? మా కాలేజీ టీమ్ మొత్తం వెళ్దామనుకున్నాం, ఇంట్లో ఒక్కరూ పంపలేదు. 2025లో అయితే వైజాగ్, జైపూర్, చెన్నై, ఢిల్లీ. హైదరాబాదే లేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క మ్యాచ్ పెట్టి, జిల్లాల నుంచి స్పెషల్ బస్సులు వేస్తే మేమే సగం స్టేడియం నింపుతాం.

ఇంకోటి. ప్రో కబడ్డీలో ఆడవాళ్లకు 2016లో మూడు టీమ్‌లతో ఒక్కసారి ముచ్చట తీర్చి వదిలేశారు. క్రికెట్‌లో గొంగడి త్రిష 2025లో మహిళల అండర్-19 ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి సెంచరీ కొట్టింది. ఆడవాళ్ల ఐపీఎల్ లాంటి డబ్ల్యూపీఎల్‌లో ఆమె ఆడటానికి హైదరాబాద్ టీమే లేదు. సగం మందిని గేటు బయట పెట్టి, అభిమానులు ఏరీ అని వెతికితే ఎట్ల?

మిర్యాలగూడ మాస్

చెల్లె చెప్పిన బస్సుల సంగతికి వెయ్యి లైకులు. రూల్ మాత్రం వద్దనే అంటా, పీటీ సారు కూడా అదే అన్నారు.

గడియారం సెంటర్

సారు అన్నది పిల్లలను రెడీ చేయకుండా రూల్ వద్దని, ఎప్పటికీ వద్దని కాదు. స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో అనే ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లను, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనే ఆడిస్తుంది. ఇంతవరకు టాప్ డివిజన్ నుంచి కిందికి దిగలేదు, 2024లో అక్కడి కోపా డెల్ రే కప్పు గెలిచింది. సొంతూరి వాళ్లతో ఆడితే టీమ్ వీక్ అవుతుందనే మాట అన్ని చోట్లా నిజం కాదు.

మిర్యాలగూడ మాస్

బిల్బావో తన పిల్లలను తనే తయారు చేసుకుంటుంది అన్నా. ఇక్కడ మ్యాట్ ఎవరు పరుస్తారు? సర్కారు అంటే అయ్యే పనేనా?

పీటీ సారు (రిటైర్డ్)

సర్కారు ఎందుకు? ఒక్క ఆటగాడికి రెండున్నర కోట్లు పెట్టిన టీమ్‌కు జిల్లాకో మ్యాట్ లెక్కలోకి రాదు. నల్లగొండలో ఒకటి, పాలమూరులో ఒకటి పరిచి, వేసవిలో నెల రోజులు ఒక అసిస్టెంట్ కోచ్‌ను పంపి, చివరి రోజు అందరి ముందే ట్రయల్స్ పెట్టమనండి. పది మందిలో ఒక్కడు సెలెక్ట్ అయినా చాలు. మిగిలిన తొమ్మిది మంది ఊళ్లు కూడా వాడి మ్యాచ్ చూస్తాయి.

పాలమూరు కూతగాడు

సార్, ఇదే రాసి టీమ్ వాళ్లకు మెయిల్ పెడదాం. చెల్లె, బస్సుల పేరా నువ్వు రాయి. మిర్యాలగూడ అన్న సంతకం పెడతాడా?

మిర్యాలగూడ మాస్

ఆ ఇద్దరి రూల్ లైను తీసేస్తే పెడతా.