"ప్లాకెత్‌నే, మగిస్త్రా?" దీన్ని తెలుగులో ఎలా అడగాలి?

పెద్దలకు నమస్కారం. రెండే రెండు లాటిన్ మాటల సందేహం, వారం నుంచి తినేస్తోంది.

మా అమ్మకి బ్రిటిష్ డిటెక్టివ్ సీరియళ్ళ పిచ్చి పట్టింది. అంటించింది నేనే. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, పక్కన కూర్చుని నేను తెలుగులో చెబుతూ ఉండాలి. చంపిందెవరన్నది ఆవిడకి అంత ముఖ్యం కాదు. "ఇంతకీ ఆ అబ్బాయి ఈ పిల్లని చేసుకుంటాడా?" అదీ ఆవిడ కేసు. ఆలోచిస్తే ఆవిడదే సరైన చూపనిపిస్తుంది. ఈ రకం కథల్లో శవం ఇద్దరు మళ్ళీ మళ్ళీ కలుసుకోవడానికి దొరికే సాకు. మన పాత కథల్లో నూతిగట్టు చేసే పని అక్కడ శవం చేస్తుంది.

ఈ మధ్య డొరొథీ సేయర్స్ నవలల మీద బీబీసీ 1987లో తీసిన సీరియల్ మొదలుపెట్టాం. మూడు కథలు, పది భాగాలు. లార్డ్ పీటర్ విమ్సీగా ఎడ్వర్డ్ పెథర్‌బ్రిడ్జ్, హారియెట్ వేన్‌గా హారియెట్ వాల్టర్. (పాత్రకీ నటికీ ఒకే పేరు కావడంతో అమ్మకి గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఒకటి తగ్గింది.) హారియెట్ డిటెక్టివ్ నవలలు రాసే మనిషి. ప్రియుడికి ఆర్సెనిక్ పెట్టి చంపిందని బోనెక్కిస్తారు. పీటర్ ఆమెను కోర్టులో చూస్తాడు, జైల్లో మొదటిసారి మాట్లాడినప్పుడే పెళ్ళి మాట ఎత్తుతాడు. "వీడికేం తొందరే!" అంది అమ్మ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ. ఆమె వద్దంటుంది. ఉరి తప్పించాడు కదా అని చేసుకుంటే అది బాకీ తీర్చినట్టే అవుతుంది మరి. రెండో కథలో సముద్రపొడ్డున బండ మీద గొంతు తెగిన శవం హారియెట్ కంటనే పడుతుంది, పీటర్ వెంటనే వాలిపోతాడు, మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ వద్దంటుంది.

మూడోది రేపు చూద్దామంటే అమ్మ ఊరుకోలేదు. నవల చదివినదాన్ని కాబట్టి చివర ఏమవుతుందో చెప్పేశాను. 1935లో వచ్చిన ఆ నవల ఆక్స్‌ఫర్డ్‌లో జరుగుతుంది. చివర్లో, రాత్రి పూట న్యూ కాలేజ్ లేన్ అనే సందులో, ఇద్దరూ యూనివర్సిటీ గౌన్లలో ఉండగా, టోపీ చేత్తో పట్టుకుని అతను లాటిన్‌లో అడుగుతాడు: "ప్లాకెత్‌నే, మగిస్త్రా?" ఆమె: "ప్లాకెత్."

"అంటే ఏమనే?" అంది అమ్మ. "ఇష్టమేనా అని అడిగాడు, ఇష్టమే అంది" అన్నాను. అమ్మ మొహం చిన్నబోయింది. "ఐదేళ్ళు తిరిగి పెళ్ళిచూపుల్లో మేనత్త అడిగినట్టు అడిగాడా?"

అదీ సంగతి. మీరైతే ఏమని చెప్పేవారు?

(ఉచ్చారణ గురించి ముందే చెప్పేస్తా. ఇంగ్లిష్ వాళ్ళు పాత పద్ధతిలో దాన్ని 'ప్లేసెట్' అనేవారు. నేను లాటిన్ వాచకాల పద్ధతి రాశాను. దయచేసి అక్కడ ఆగిపోకండి.)

తెనాలి మాస్టారు: 'సమ్మతమేనా, విదుషీ?' 'సమ్మతమే.' చాలునమ్మా. 'ప్లాకెత్' సభలో వాడే మాట. ఆక్స్‌ఫర్డ్ పట్టప్రదానంలో ఇప్పటికీ "మీకు సమ్మతమా?" అని డాక్టరేట్ ఉన్నవాళ్ళనూ ఎమ్మేలనూ లాటిన్‌లోనే అడుగుతారు. ప్రేయసిని అడిగేటప్పుడు సభామర్యాద తెచ్చాడు, అందులోనే ఉంది సొగసు. 'ఇష్టం' అంటే ఆ సభ పోతుంది.

నేను: మాస్టారూ, 'సమ్మతం' బ్రహ్మాండంగా ఉంది. కానీ 'మేనా' దగ్గర నాకు పేచీ ఉంది. "భోంచేశావా?" అంటే తెలియక అడిగినట్టు. "భోంచేసే వచ్చావా?" అంటే తినే ఉంటావులే అనుకుని అడిగినట్టు. ఆ 'ఏ' రాగానే జవాబు సగం మనమే చెప్పేసినట్టవుతుంది. లాటిన్‌లో ప్రశ్నకి మూడు రకాల తోకలున్నాయి. 'నోన్నే' పెడితే ఔనంటారన్న ఆశతో అడిగినట్టు. 'నుమ్' పెడితే కాదంటారని తెలిసీ అడిగినట్టు. క్రియ చివర ఉత్త 'నే' తగిలిస్తే ఎటూ మొగ్గనట్టు. పీటర్ అడిగింది ఆ మూడోది. కాబట్టి 'సమ్మతమా?' అనాలి, 'సమ్మతమేనా?' అనకూడదు.

పైగా అదే నవలలో ముందొకచోట, ఏప్రిల్ ఒకటో తారీఖున, అతను పారిస్ నుంచి 'నుమ్'తో మొదలయ్యే ఒక్క లాటిన్ వాక్యం రాసి పంపుతాడు. అంటే "చేసుకోవు కదా?" అని. ఆమె వ్యాకరణ పుస్తకం తిరగేసి, మర్యాదగా వద్దనడానికి ఏముందో వెతికి, ఒకే ముక్క రాస్తుంది: 'బెనీగ్నే'. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "అయ్యో, చాలండీ" అంటామే, అచ్చం అది. 'కదా' నుంచి 'ఆ'కి రావడమే అతని ఐదేళ్ళ ప్రయాణం. మనం మళ్ళీ 'మేనా' అనిపిస్తే ఎలా?

తెనాలి మాస్టారు: ఒప్పుకున్నాను. 'సమ్మతమా?' జవాబులో మాత్రం 'ఏ' ఉంచండి. ఆమెకి ఆ హక్కుంది.

కరీంనగర్ నుంచి: అక్కా, మా దిక్కు ఇట్ల అడగాల్నంటే "ఏమంటవ్ మరి?" అంటరు. అవుననుడు, కాదనుడు రెండూ నీ చేతులనే ఉన్నయన్నట్టు. సమ్మతం పుస్తకం మాట గదా. నాకైతే లగ్గం పత్రిక సదివినట్టు ఉన్నది.

నేను: చెల్లీ, 'ఏమంటవ్ మరి' అడగడానికి ఎంత బాగుందో! చిక్కల్లా జవాబు దగ్గరే. ఆమె అతని మాటనే తీసుకుని తోక తీసేసి తిరిగిచ్చింది. ప్లాకెత్‌నే, ప్లాకెత్. తెలుగులో ఇది పుట్టుకతో వచ్చిన విద్య. వస్తావా, వస్తా. తిన్నావా, తిన్నా. ఇంగ్లిష్‌లో ఆ వీలు లేదు, 'ఎస్' అనో 'ఐ డూ' అనో ఇంకో మాట వెతుక్కోవాలి. అందుకే సేయర్స్ లాటిన్‌కి వెళ్ళిందేమోనని నా అనుమానం. ఇంకొకటి, 'ప్లాకెత్'కి కర్త 'నేను' కాదు. లాటిన్‌లో 'మిహి ప్లాకెత్' అంటే 'నాకు నచ్చింది'. ఆ 'కు' మనకీ ఉంది. ఇంగ్లిష్ మీదుగా రావడం మానేసి లాటిన్ నుంచి నేరుగా తెలుగులోకి దూకితే దారి దగ్గర.

డాలస్ తమ్ముడు: ఈ రకం సీరియళ్ళని 'కోజీ' అంటారు కదా అక్కా, దానికి తెలుగేంటి? టీ కుండ చల్లారకుండా తొడిగే ఊలు గలేబుని కూడా కోజీయే అంటారు. మా ఇంట్లో 'డెత్ ఇన్ ప్యారడైజ్' నడుస్తోంది. సెయింట్ మరీ అనే ఉత్తుత్తి దీవి, తీసేది గ్వాడలూప్‌లో. అందులో డిటెక్టివ్‌లు నెవిల్, ఫ్లోరెన్స్ 2024లో కలిసి దీవి వదిలి వెళ్ళేదాకా మా ఆవిడ నన్ను మనశ్శాంతిగా ఉండనివ్వలేదు.

నేను: 'కోజీ'కి వేరే పోస్టు పెట్టు తమ్ముడూ, ఇక్కడ కలిపితే మాస్టారు కొడతారు. 'గలేబు కథలు' అంటే మాత్రం నేను మొదటి ఓటు వేస్తా.

విజయనగరం నుంచి: 'నెయ్యపు కిన్క', అదే ప్రేమకోపం, ఎవరూ తేలేదేం? నంది తిమ్మన కృష్ణుడు సత్యభామతో "నను భవదీయదాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తాఁచిన యది నాకు మన్ననయ" అంటాడు. ఈ సీరియళ్ళలో జంటలు కీచులాడుకునేది అంతా అదే.

నేను: పద్యం తలచుకున్నందుకే దండం. కానీ అక్కడ నెయ్యం ముందే ఉంది, కినుక తర్వాత వచ్చింది. ఆ పేరుతోనే ఉన్న సీరియల్లో అగాథా రైజిన్‌ని చూడండి. లండన్‌లో పీఆర్ ఉద్యోగం వదిలి కాట్స్‌వొల్డ్స్‌లో పల్లెకి చేరి, కొట్లో కొన్న కీష్ అనే వంటకాన్ని తను వండిందని పోటీలో పెడుతుంది, అది తిని న్యాయనిర్ణేత పోతాడు. పక్కింటి జేమ్స్‌తో ఆమెకి కినుకే ముందు, నెయ్యం ఎప్పుడో మెల్లగా. "సరసము విరసము కొరకే" అన్నాడు సుమతీ శతకకారుడు. వీళ్ళు దాన్ని తిరగేసి కాపురం చేస్తారు.

రాజమండ్రి వకీలు గారు: ఈ గుంపులో మొదటిసారి రాస్తున్నాను, నలభై ఏళ్ళు కోర్టులో ఉన్నవాణ్ణి. అమ్మాయి 'కదా' గురించి చెప్పింది చదివి ఆగలేకపోయాను. మా వృత్తిలో దాన్ని లీడింగ్ ప్రశ్న అంటాం. "ఆ రాత్రి మీరు తోటలోనే ఉన్నారు కదా?" అని మన సాక్షిని మనం చీఫ్‌లో అడిగితే అవతలి వకీలు లేచి నిలబడతాడు. "ఆ రాత్రి ఎక్కడున్నారు?" అనే అడగాలి. 'కదా' అవతలి వాళ్ళ సాక్షి మీద, క్రాస్‌లో వాడే ఆయుధం. డిటెక్టివ్ బతుకంతా క్రాసే. అనుమానితుల్ని పోగేసి 'నువ్వే కదా, నువ్వే కదా' అనడమే. పైగా ఈ పిల్లని అతను మొదట చూసింది బోనులో. బోనులో మనిషిని అందరూ 'కదా' అనే అడిగి ఉంటారు. మీ పీటరుగారు ఐదేళ్ళు క్రాస్ చేసి చేసి ఆఖరికి చీఫ్‌లోకి వచ్చాడు.

నేను: వకీలుగారూ, ఇది నాకు తట్టనే లేదు. అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

కరీంనగర్ నుంచి: గిది మస్తు చెప్పిండ్రు సార్. మరి 'మగిస్త్రా'ను ఏం చేద్దాం?

తెనాలి మాస్టారు: 'విదుషీ' అన్నాను కదా.

నేను: 'విదుషీ'లో సంగీత సభ వాసన వస్తోంది మాస్టారూ, పక్కన తంబురా వినబడుతోంది. మగిస్త్రా అంటే ఇక్కడ ఎమ్మే పట్టా ఉన్న స్త్రీ. ఆక్స్‌ఫర్డ్ ఆడవాళ్ళకి పట్టాలివ్వడం మొదలుపెట్టింది 1920లో. సేయర్స్ తన చదువు 1915లోనే ముగించి, పట్టా కోసం ఐదేళ్ళు ఆగి, ఆ మొదటి జట్టులో అందుకుంది. ఆ పిలుపులో "నీ పట్టా, నా పట్టా ఒకటే" అన్న మాట దాగి ఉంది. ప్రభువుగారు ప్రభువుగా అడగలేదు, సాటి ఎమ్మేగా అడిగాడు. అమ్మ 'పంతులమ్మా' అంటే చాలదా అంటోంది. నిఘంటువు ప్రకారం తప్పేం లేదు కూడా!

డాలస్ తమ్ముడు: "సమ్మతమా, ఎమ్మే గారూ?" మా తాతగారి గుమ్మం మీద బోర్డులో పేరు కంటే బి.ఏ.,బి.ఎల్. అక్షరాలే పెద్దవి.

నేను: నవ్వొచ్చింది కానీ, నిజానికి ఇదే అన్నిటికంటే దగ్గరగా ఉంది. 'గారూ' ఉంది, పట్టా ఉంది, కొంటెతనమూ ఉంది. పీటర్ నోట ఇది పలుకుతుంది.

ఇప్పుడే అమ్మకి మొత్తం చదివాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ సమ్మతాలూ గిమ్మతాలూ ఎందుకే? మీ నాన్న 'సరేనా?' అన్నారు, నేను 'సరే' అన్నాను" అంది. ఎప్పుడు, ఎక్కడ అని అడిగితే చెప్పదు! చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారూ, 'సరేనా'లో ఆ 'ఏ' ఉందంటారా, అరిగిపోయిందంటారా?

తెనాలి మాస్టారు: అరిగిపోయింది. 'సరి'కి 'ఏ' చేరి ఎప్పుడో గట్టిపడి ఒకే మాటైంది. ఇప్పుడు ఎవరికీ వినబడదు.

నేను: అయితే అమ్మ మాటే ఖాయం చేసేద్దామా?

తెనాలి మాస్టారు: సరే.